బిల్లింగ్ డేటా పైప్‌లైన్ – 3వ పాఠం: బిల్లు పుట్టిన తేదీ ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది

గత పాఠంలో డేటా వేర్‌హౌస్‌లో (రిపోర్టుల కోసం డేటా అంతా ఒకచోట చేర్చే డేటాబేస్) ఒక ఖాళీ స్కీమా, అంటే టేబుళ్లు పెట్టుకునే చోటు, తయారు చేసి, అందులో రాయడానికి పైప్‌లైన్‌కు (డేటాను ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చే ప్రోగ్రాం) విడిగా ఒక యూజర్‌ను ఇచ్చి ఆపాం. ఇవాళ అవతలి కొస పట్టుకుందాం. బిల్లింగ్ ప్లాట్‌ఫామ్‌ను సోర్స్‌గా కలపాలి. అంటే కస్టమర్ల సబ్‌స్క్రిప్షన్లు, బిల్లులు నడిపే సర్వీసు. ఉదాహరణకు స్ట్రైప్ తీసుకుంటున్నాను, మధ్యమధ్యలో అలాంటిదే అయిన చార్జ్‌బీ ప్రస్తావన వస్తుంది. మీరు వాడేది మరొకటైనా ఫర్వాలేదు. గడుల పేర్లు మారతాయి గానీ చిక్కులు దాదాపు ఇవే.

కనెక్షన్ పెట్టడం చిన్న పని. కాస్త ఓపికగా చేస్తే అరగంటలో అయిపోతుంది. మొదటి రోజు అన్నీ సరిగ్గా కనిపించిన లెక్కలు నెల తిరిగేసరికి ఎందుకు తప్పుతాయో, దాన్ని ముందే ఎలా ఆపాలో తెలుసుకోవడానికే ఈ పాఠంలో ఎక్కువ చోటు ఇచ్చాను.

కీ, కనెక్షన్

స్ట్రైప్ డ్యాష్‌బోర్డ్‌లో ఏపీఐ (మన ప్రోగ్రాం స్ట్రైప్‌ను డేటా అడిగే దారి) కీల పేజీ తెరిస్తే సీక్రెట్ కీ ఎదురుగానే ఉంటుంది. దాన్ని పైప్‌లైన్‌కు ఇవ్వకండి. ఆ కీ చేతిలో ఉన్నవాళ్లు రిఫండ్లు పంపగలరు, సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేయగలరు. మనకు చదవడం వస్తే చాలు. అందుకని కొత్తగా ఒక రిస్ట్రిక్టెడ్ కీ తయారు చేసి కస్టమర్లు, సబ్‌స్క్రిప్షన్లు, ఇన్‌వాయిస్‌లు, చార్జీలు, రిఫండ్లు, ఈవెంట్లకు ‘రీడ్’ అనుమతి మాత్రమే ఇవ్వండి. ఈవెంట్లను మాత్రం మరిచిపోవద్దు, వాటి అవసరం కాసేపట్లో వస్తుంది. సీక్రెట్ కీ ‘ఎస్‌కె’తో, రిస్ట్రిక్టెడ్ కీ ‘ఆర్‌కె’తో మొదలవుతాయి. ఆ వెంటనే ‘టెస్ట్’ అనో ‘లైవ్’ అనో ఉంటుంది. అతికించే ముందు ఆ నాలుగు అక్షరాలూ ఒకసారి చదవండి.

చార్జ్‌బీలో కూడా చదవడానికే పరిమితమైన కీ తయారు చేసుకోవచ్చు. అక్కడ కీని యూజర్‌నేమ్ గడిలో పెట్టి పాస్‌వర్డ్ ఖాళీగా వదలాలి. అలవాటు కొద్దీ పాస్‌వర్డ్ గడిలో పెడితే 401 ఎర్రర్ (కీ చెల్లలేదని) వస్తుంది.

ఎయిర్‌బైట్ లాంటి రెడీమేడ్ కనెక్టర్ వాడితే అది అకౌంట్ ఐడీ, కీ, ఏ తేదీ నుంచి డేటా కావాలి అన్న మూడూ ముఖ్యంగా అడుగుతుంది. ఆ తేదీ దగ్గర కాస్త ఆగి ఆలోచించండి. ‘మాకు గత ఏడాది లెక్కలు చాలు’ అని నిరుడు జనవరి 1 పెడతారు చాలామంది. అంతకు ముందే చేరిన కస్టమర్లు ఆ తేదీ జల్లెడలో పడిపోతారు, వాళ్ల కొత్త ఇన్‌వాయిస్‌లు మాత్రం వస్తాయి. ఇన్‌వాయిస్‌లో కస్టమర్ ఐడీ ఉంటుంది, ఆ ఐడీతో వెతికితే కస్టమర్ టేబుల్‌లో ఎవరూ ఉండరు. అందుకే అకౌంట్ తెరిచిన రోజు కంటే ముందు తేదీ పెట్టండి. మొదటి లోడ్ కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

సొంతంగా కోడ్ రాసేవాళ్లు ఏపీఐ వెర్షన్‌ను ప్రతి రిక్వెస్ట్ హెడర్‌లో రాయాలి. స్ట్రైప్ వెర్షన్ల పేర్లు తేదీతో మొదలవుతాయి. 2022-11-15 వెర్షన్‌లో పేమెంట్ ఇంటెంట్ (ఒక చెల్లింపును మొదటి నుంచి చివరి దాకా నమోదు చేసే రికార్డు) లోంచి చార్జీల జాబితా తీసేసి, దాని బదులు చివరి చార్జీ ఐడీ ఒక్కటే ఉంచారు. వెర్షన్ రాయకపోతే అకౌంట్ డిఫాల్ట్ వర్తిస్తుంది. ఎవరో ఒకరోజు డ్యాష్‌బోర్డ్‌లో దాన్ని పెంచితే మన కాలమ్ ఒక్కసారిగా ఖాళీ అవుతుంది, కారణం మన కోడ్‌లో ఎంత వెతికినా దొరకదు.

ఒక ఇన్‌వాయిస్ వెంట నడుద్దాం

మన సింక్, అంటే కొత్త డేటాను తెచ్చి టేబుళ్లలో వేసే జాబ్, రోజూ రాత్రి 12:30కి నడుస్తుందనుకోండి. ప్రతిసారీ అది అడిగే ప్రశ్న ఒకటే: ‘నిన్నటి సింక్ తర్వాత పుట్టిన ఇన్‌వాయిస్‌లు ఇవ్వు.’ స్ట్రైప్ జాబితాల్లో తేదీతో వడకట్టడానికి ప్రధానంగా ఉన్నది పుట్టిన సమయమే కాబట్టి ఇది సహజంగా తోచే పద్ధతి.

మార్చి 1, రాత్రి 12:05. నెలవారీ సబ్‌స్క్రిప్షన్ రెన్యూ అయి ఒక ఇన్‌వాయిస్ పుట్టింది. స్టేటస్ ‘డ్రాఫ్ట్’. 12:30కి మన సింక్ దాన్ని తెచ్చి టేబుల్‌లో వేసింది. సబ్‌స్క్రిప్షన్ ఇన్‌వాయిస్ సుమారు గంట సేపు డ్రాఫ్ట్‌గా ఉండి తర్వాత ఖరారవుతుంది. 1:05కి అది ‘ఓపెన్’ అయింది. కార్డు మీద డబ్బు రాలేదు. రెండు మూడు ప్రయత్నాల తర్వాత మార్చి 9న వచ్చింది, స్టేటస్ ‘పెయిడ్’. మార్చి 20న కస్టమర్ ఫిర్యాదు చేస్తే సగం డబ్బు వాపసు ఇచ్చారు.

ఇప్పుడు మన టేబుల్‌లో ఆ ఇన్‌వాయిస్ స్టేటస్ ఏముంది? ‘డ్రాఫ్ట్’. మార్చి 2 రాత్రి మనం అడిగినది మార్చి 1, 12:30 తర్వాత పుట్టినవాటిని. ఇది 12:05కి పుట్టింది. ఇక ఎన్ని రాత్రులు అడిగినా అది మళ్లీ రాదు.

రిఫండ్ సంగతి ఇంకా మెలికగా ఉంటుంది. రిఫండ్ ఇచ్చినా స్ట్రైప్‌లో ఇన్‌వాయిస్ స్టేటస్ ‘పెయిడ్’గానే ఉంటుంది. రిఫండ్ అనేది చార్జీకి అంటుకున్న వేరే రికార్డు. అది కొత్తగా పుట్టింది కాబట్టి మన సింక్‌కు దొరుకుతుంది. కానీ పాత చార్జీలో ‘ఎంత వాపసు వెళ్లింది’ అన్న గడి కూడా సున్నా నుంచి మారింది, ఆ మార్పు మనకు అందలేదు. ఒకే వేర్‌హౌస్‌లో రిఫండ్ టేబుల్ ఒకటి చెబుతుంది, చార్జీ టేబుల్ ఇంకొకటి చెబుతుంది.

నేను మొదటిసారి ఇలాంటి పైప్‌లైన్ పెట్టినప్పుడు సరిగ్గా ఈ తప్పే చేశాను. మొదటి వారం ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే మొదటి లోడ్‌లో వచ్చిన పాత డేటా అంతా సరిగ్గానే ఉంది. నెలాఖరుకు బాకీల జాబితా తీసి, దాని ప్రకారం మెయిల్స్ పంపారు. డబ్బు ఎప్పుడో కట్టేసినవాళ్లకు ‘మీరు ఇంకా కట్టలేదు’ అని వెళ్లాయి. ఆ రెండు రోజుల టెన్షన్ నాకు బాగా గుర్తుంది. ఒక్కొక్కరికీ క్షమాపణ మెయిల్ రాయాల్సి వచ్చింది. డబ్బు విషయంలో తప్పు లెక్క అవతలివాళ్లకు అవమానంగా తగులుతుంది. అందుకే ఈ భాగం ఇంత సాగదీసి చెబుతున్నాను.

మారినవాటిని పట్టుకోవడం

చార్జ్‌బీ వాడేవాళ్లకు ఇది తేలిక. అక్కడ ఇన్‌వాయిస్, సబ్‌స్క్రిప్షన్, కస్టమర్ లాంటి జాబితాలను చివరిసారి మారిన సమయంతో వడకట్టవచ్చు, ఆ క్రమంలోనే తెప్పించుకోవచ్చు. కర్సర్‌గా (కిందటి సింక్ ఎక్కడ ఆగిందో చెప్పే గుర్తు) పుట్టిన సమయం బదులు మారిన సమయం పెట్టుకోండి. తొలగించినవి కూడా కలిపి ఇమ్మని అడిగే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేయండి.

స్ట్రైప్‌లో మార్పులు ఈవెంట్లలో దొరుకుతాయి. ఇన్‌వాయిస్ ఖరారైనా, డబ్బు పడినా, పడకపోయినా, కస్టమర్‌ను తొలగించినా ఒక్కోదానికి ఒక్కో ఈవెంట్ నమోదవుతుంది. కాబట్టి పని రెండు దశల్లో నడుస్తుంది. మొదటిసారి అన్ని జాబితాలూ మొదటి నుంచి చివరి దాకా తెచ్చుకుంటాం. ఆ తర్వాత రోజూ ఈవెంట్లు మాత్రమే చదివి, వాటిలో పేరు వచ్చిన రికార్డులను సరిచేసుకుంటాం.

ఒక గడువు మాత్రం మనసులో ఉంచుకోవాలి. ఈవెంట్లు 30 రోజుల వరకే దొరుకుతాయి. పైప్‌లైన్ అంతకన్నా ఎక్కువ కాలం ఆగిపోతే మధ్యలో జరిగినవి ఈవెంట్ల నుంచి తిరిగి రావు, మొత్తం లోడ్ మళ్లీ చేయాలి. ‘25 రోజులుగా సింక్ విజయవంతంగా నడవలేదు’ అని అరిచే అలర్ట్ ఒకటి ఇవాళే పెట్టుకోండి. నిజానికి 2 రోజులకే అరిస్తే ఇంకా మంచిది.

ఈవెంట్ చదివాక ఏం చేయాలి అన్నదాని మీద రెండు పద్ధతులున్నాయి. ఈవెంట్ లోపల ఆ క్షణంలో రికార్డు ఎలా ఉందో ఒక నకలు ఉంటుంది. దాన్నే తీసి టేబుల్‌లో రాయడం ఒక పద్ధతి. ఈవెంట్ నుంచి ఐడీ మాత్రం తీసుకుని, ఆ రికార్డును ఏపీఐలో మళ్లీ అడిగి, ఇప్పుడున్న రూపాన్ని రాయడం రెండోది. నేను రెండోదే వాడతాను. ఒకే సెకనులో రెండు ఈవెంట్లు వస్తే ఏది ముందో తేల్చే తలనొప్పి ఉండదు. వరుస తారుమారైనా చివరికి రాసేది తాజా రూపమే. రిక్వెస్టులు పెరుగుతాయి, నిజమే. కానీ ఒకే ఐడీ పది ఈవెంట్లలో వచ్చినా ఒక్కసారి అడిగితే సరిపోతుంది. తొలగింపు ఈవెంట్ వస్తే వరుసను చెరిపేయకుండా ‘తొలగించారు’ అని గుర్తు పెట్టండి. ఆ కస్టమర్ పాత బిల్లులు లెక్కల్లో ఉండాలి కదా.

వెబ్‌హుక్ (ఈవెంట్ జరగగానే స్ట్రైపే మన సర్వర్‌కు కబురు పంపే ఏర్పాటు) పెడితే ఈవెంట్లు వాటంతట అవే వస్తాయి కదా అని అడగొచ్చు. వస్తాయి. కానీ ఒకే ఈవెంట్ రెండుసార్లు రావచ్చు, వరుసకు హామీ లేదు, మన సర్వర్ పడిపోతే లైవ్ మోడ్‌లో 3 రోజుల వరకే మళ్లీ పంపుతారు. రోజువారీ రిపోర్టులకు మనమే వెళ్లి అడిగి తెచ్చుకునే పద్ధతి నిలకడగా ఉంటుంది.

ఏ పద్ధతైనా రెండు జాగ్రత్తలు తప్పనిసరి. టేబుల్‌లో రాసేటప్పుడు ఐడీ ఉంటే మార్చు, లేకపోతే కలుపు అనే అప్‌సర్ట్ వాడాలి. ప్రతి సింక్ కిందటిసారి ఆగిన చోటి కంటే కొంచెం వెనక్కి వెళ్లి మొదలవ్వాలి. నేను ఒక గంట వెనక్కి వెళ్తాను. అప్‌సర్ట్ ఉంది కాబట్టి ఒకే రికార్డు రెండుసార్లు వచ్చినా నష్టం లేదు. కర్సర్‌ను మాత్రం డేటా టేబుల్‌లో పడ్డాకే ముందుకు జరపండి. ముందే జరిపి మధ్యలో జాబ్ ఆగిపోతే ఆ ముక్క శాశ్వతంగా పోతుంది.

మొదటి లోడ్‌లో తగిలేవి

స్ట్రైప్ ఒక పేజీకి గరిష్ఠంగా 100 రికార్డులు ఇస్తుంది. ఏమీ చెప్పకపోతే 10 ఇస్తుంది. ఇంకా ఉన్నాయా అన్న గడి చూసి, చివరి రికార్డు ఐడీ ఇచ్చి తర్వాతి పేజీ అడగాలి. ఇదంతా అందరికీ తెలిసిందే. దొరక్కుండా దాక్కునేది ఇన్‌వాయిస్ లోపలి జాబితా. ఇన్‌వాయిస్‌తో పాటు మొదటి కొన్ని లైన్లే వస్తాయి, దానికి మళ్లీ వేరే పేజీలుంటాయి. లైన్ల మొత్తం ఇన్‌వాయిస్ మొత్తంతో కలవకపోతే ముందు ఇక్కడ చూడండి.

429 ఎర్రర్ (రిక్వెస్టులు పరిమితి దాటాయని) వస్తే కాసేపు ఆగి, మళ్లీ వస్తే ఇంకాస్త ఎక్కువ సేపు ఆగి అడగండి. ఆ పరిమితి అకౌంట్‌ మొత్తానికి వర్తిస్తుంది. మన లోడ్ హడావుడి వల్ల నిజమైన కస్టమర్ పేమెంట్ వెనక్కి పోకూడదు. రద్దీ లేని వేళ నెమ్మదిగా లాగండి.

మొత్తాలు కరెన్సీలోని అతి చిన్న ప్రమాణంలో వస్తాయి. డాలరు అయితే 1999 అంటే 19.99. జపాన్ యెన్‌కు దశాంశాలు లేవు, అక్కడ 1999 అంటే 1999 యెన్లే. కువైట్ దినార్‌కు మూడు దశాంశాలు. అన్నింటినీ 100తో భాగించే కోడ్ రాస్తే యెన్ ఆదాయం వందో వంతుకు పడిపోతుంది. వచ్చిన పూర్ణాంకాన్ని అలాగే దాచండి, పక్కనే కరెన్సీ దాచండి, భాగించే పని రిపోర్టుకు వదిలేయండి.

సమయం 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లలో, యూటీసీలో (ప్రపంచమంతటికీ ప్రామాణికమైన సమయం) ఉంటుంది. 1700000000 అంటే 2023 నవంబర్ 14, రాత్రి 10:13. యూటీసీ కంటే 2 గంటలు ముందున్న చోట అప్పటికే 15వ తేదీ. నెలాఖరు రాత్రి ఇదే జరిగితే ఆదాయం పక్క నెలలో పడుతుంది. వేర్‌హౌస్‌లో యూటీసీ ఉంచి, రిపోర్టు ఏ టైమ్‌జోన్‌లో కావాలో లెక్కలు చూసేవాళ్లను అడిగి రాయించుకోండి.

ఈ వారం అభ్యాసం

టెస్ట్ మోడ్‌లో ఒక టెస్ట్ క్లాక్ (కాలాన్ని మనమే ముందుకు జరపగలిగే ఉత్తుత్తి గడియారం) తయారు చేయండి. అందులో ఒక కస్టమర్‌ను పెట్టి, 4242 4242 4242 4242 కార్డుతో నెలవారీ సబ్‌స్క్రిప్షన్ మొదలుపెట్టి సింక్ నడపండి. ఇప్పుడు ఆ కస్టమర్ కార్డును 4000 0000 0000 0341కి మార్చండి. ఈ కార్డు కస్టమర్‌కు చక్కగా జతవుతుంది గానీ డబ్బు లాగబోతే విఫలమవుతుంది. క్లాక్‌ను నెల ముందుకు జరపండి, కొత్త ఇన్‌వాయిస్ పుట్టగానే సింక్ నడపండి. మరికొన్ని గంటలు జరిపి మళ్లీ నడపండి. చివరగా మొదటి కార్డు తిరిగి పెట్టి, ఆ ఇన్‌వాయిస్‌కు డబ్బు కట్టించి, అందులో సగం రిఫండ్ చేసి ఇంకోసారి నడపండి.

ప్రతి సింక్ తర్వాత ఇన్‌వాయిస్ స్టేటస్, చార్జీలో వాపసు వెళ్లిన మొత్తం, రిఫండ్ టేబుల్‌లోని వరుసలు ఒక కాగితం మీద రాసుకుని, డ్యాష్‌బోర్డ్‌లో కనిపించేదానితో పోల్చండి. మూడూ కలిస్తేనే లైవ్ కీ పెట్టండి. వచ్చే పాఠంలో ఈ టేబుళ్ల నుంచి నెలవారీ పునరావృత ఆదాయం లెక్కకట్టడం చూద్దాం. దానికి మీ కాగితం కావాలి, దాచిపెట్టండి.