మారిషస్‌లో చూడదగ్గ చోట్ల దగ్గర స్థానిక భోజనం ఎక్కడ, ఎలా తినాలి?

మారిషస్ వెళ్లిన పర్యాటకుల్లో చాలామంది పొద్దున హోటల్ బఫేలో, మధ్యాహ్నం టూర్ ప్యాకేజీలో కలిపి ఇచ్చిన భోజనశాలలో, రాత్రి ఫోన్‌లో వెతికి పట్టుకున్న ఉత్తర భారత రెస్టారెంటులో తిని తిరిగివస్తారు. ద్వీపవాసులు రోజూ తినే తిండి ఈ మూడు చోట్లా దాదాపు కనిపించదు. అది బస్టాండ్లలో, ఊరి సంతల్లో, సెలవు రోజుల్లో కుటుంబాలు చేరే సముద్రతీరాల్లో దొరుకుతుంది. వాటిలో చాలావరకు మీరు ఎలాగూ చూడబోయే స్థలాలకు నడక దూరంలోనో, దారిలోనో ఉంటాయి. అయితే చోటు తెలిసినంత మాత్రాన సరిపోదు. ఏ వేళకు ఏది దొరుకుతుందో తెలియకపోతే మంచి బండి ముందుకు వెళ్లి కూడా ఖాళీ గిన్నెలు చూసి రావలసి వస్తుంది.

1. ముందు వేళ చూసుకోండి, తర్వాత చోటు ఎంచుకోండి

రాజధాని పోర్ట్ లూయీలో వీధి తిండి ఉద్యోగుల కోసం నడుస్తుంది. ఉదయపు అల్పాహారంతో మొదలైన బండ్లు మధ్యాహ్న భోజన విరామంలో కిటకిటలాడి, సరుకు అయిపోగానే సర్దుకుంటాయి. సాయంత్రం కార్యాలయాలు మూసేసరికి నగరం నడిబొడ్డు ఖాళీ అవుతుంది. కాబట్టి పగలంతా బీచ్‌లో గడిపి రాత్రి భోజనానికి పోర్ట్ లూయీ వద్దామనుకునే వారు ఆ ఆలోచనను తలకిందులు చేసుకోవాలి: నగరాన్ని పనిదినాన, పొద్దుటిపూట చూడాలి, సముద్రతీరాలను సాయంత్రాలకూ శని, ఆదివారాలకూ ఉంచుకోవాలి.

2. పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ నుంచి నడక మొదలుపెట్టండి

1834 నుంచి ఒప్పంద కూలీలుగా వచ్చిన సుమారు అయిదు లక్షల మంది భారతీయులు ఈ ద్వీపంలో అడుగుపెట్టిన చోటు ఆప్రవాసీ ఘాట్. యునెస్కో 2006లో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అలా వచ్చిన వారిలో మన తీరం నుంచి వెళ్లిన తెలుగువారూ ఉన్నారు; వారి సంతతి వల్లనే నేటికీ అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం. కూలీలు ఓడ దిగి ఎక్కిన మెట్లను ఘాట్‌లో చూసి బయటికి వస్తే పక్కనే బస్టాండు, అక్కడినుంచి కొద్ది నిమిషాల నడకలో సెంట్రల్ మార్కెట్ వస్తాయి. కూలీల వంటింట్లోంచి వీధికెక్కిన దాల్ పూరీని రుచి చూడడానికి ఇంతకంటే తగిన దారి లేదు.

దాల్ పూరీ అమ్మే తీరును కాస్త నిలబడి చూడండి. ఉడికించిన పప్పును పొడిపొడిగా నూరి, పసుపూ జీలకర్రా కలిపి, మైదా ముద్దలో కూరి, కాగితమంత పలుచగా వత్తి కాల్చిన రొట్టెలు అద్దాల పెట్టెలో గుడ్డ కింద వెచ్చగా ఉంటాయి. తీపి మానేసి, పలుచగా వత్తిన బొబ్బట్టును ఊహించుకుంటే దాదాపు అదే. అమ్మే ఆయన రెండు రొట్టెలను ఒకేసారి కాగితం మీద పరచి, తెల్ల చిక్కుడుగింజల కూర ఒక గరిటె, టమాటాలతో చేసిన రుగాయ్ కొద్దిగా, కొత్తిమీర పచ్చడి, పైన నూరిన పచ్చిమిరప వేసి, ఒక్క చుట్టు చుట్టి చేతిలో పెడతాడు. అక్కడ జంటగానే అమ్ముతారు, ఒక్కటి అడగరు. ప్లేటు కోసం ఎదురుచూడకుండా నిలబడే తినాలి. కూర్చుని చల్లార్చుకుంటే రొట్టె సాగుతుంది.

మార్కెట్ లోపల అలూదా తాగండి. సబ్జా గింజలు, అగర్ (సముద్రపు నాచుతో చేసే జెల్లీ) తురుము వేసిన చల్లని తీపి పాలు అవి. కారం తిన్న నోటికి హాయిగా ఉంటాయి. పక్కనే ఉప్పు, మిరప, చింతపండు పట్టించిన అనాస, పచ్చి మామిడి ముక్కలు అమ్ముతారు. ఆదివారం ఈ మార్కెట్ మధ్యాహ్నానికే మూతపడుతుందని గుర్తుంచుకోండి.

ఇంకా ఆకలి ఉంటే చైనాటౌన్ కూడా నడక దూరమే. అక్కడ మిన్ ఫ్రీ అనే వేయించిన నూడుల్స్, బులెత్ అనే ఆవిరి ఉండలు ప్రసిద్ధం. బెంగళూరు వంకాయతో చేసిన ఉండలు చూడడానికి శాకాహారంలా ఉన్నా, వాటిలో తరచుగా రొయ్యలు కలుపుతారు.

3. నాలుగు క్రియోల్ మాటలు నేర్చుకోండి

ద్వీపవాసులు రోజూ మాట్లాడుకునే భాష క్రియోల్. ఇంగ్లీషు, ఫ్రెంచి, కొన్నిచోట్ల హిందీ కూడా పనికివస్తాయి. అయినా బండి దగ్గర వరుస వేగంగా కదులుతుంది కాబట్టి చిన్న మాటలు చాలా సాయపడతాయి. "ఎన్ పేర్ దాల్ పూరీ" అంటే ఒక జంట ఇవ్వమని. "సాన్ పిమా" అంటే మిరప వద్దని. ఆంధ్రా కారానికి అలవాటు పడ్డవారు ఈ మాట వాడనక్కరలేదు గాని, పిల్లలున్నవారికి అవసరం. "సాన్ లావియాన్" అంటే మాంసం లేకుండా అని అర్థం. చేపను చాలామంది మాంసం కింద లెక్కవేయరు కనుక శాకాహారులు చేప, గుడ్డు కూడా వద్దని విడిగా చెప్పాలి. చిన్న నోట్లు, నాణేలు దగ్గర ఉంచుకోండి. బండి దగ్గర కార్డును నమ్ముకోకూడదు.

4. నగరం దాటాక తిండిని దారిలోనే కొనుక్కోండి

చూడదగ్గ స్థలం అందమైనదైతే దాని గేటు ముందు తిండి కూడా బాగుంటుందనుకోవడం పొరపాటు. గంగా తలావ్ ఇందుకు మంచి ఉదాహరణ. 108 అడుగుల శివుడి విగ్రహం ఉన్న ఆ కొండ సరస్సు దగ్గర మాంసాహారం కూడదు, మామూలు రోజుల్లో తినడానికీ పెద్దగా ఏమీ ఉండదు. వాక్వా లేదా క్యూర్‌పీప్ పట్టణం మీదుగా వెళ్తూ దాల్ పూరీ, గాతో పిమా కట్టించుకుని వెళ్లండి. గాతో పిమా అంటే పచ్చిమిరప, ఉల్లికాడ కలిపిన చిన్న పప్పు వడ. వెన్న రాసిన బ్రెడ్డులో పెట్టుకుని తినడం అక్కడి పొద్దుటి అలవాటు. ఆ పొట్లాన్ని సంచి లోపల దాచండి, సరస్సు చుట్టూ తిరిగే కోతులు ప్రసాదానికీ మీ భోజనానికీ తేడా చూడవు. మహాశివరాత్రి రోజుల్లో మాత్రం సంగతే వేరు: కాలినడకన వచ్చే భక్తులకు దారి పొడవునా కుటుంబాలు ఉచితంగా తిండి, పానీయాలు పంచిపెడతాయి.

షామరెల్ మాత్రం తిండి కోసం ఆగదగ్గ చోటు. ఏడు రంగుల నేల, జలపాతం చూశాక కొండవాలు మీది భోజనశాలల్లో జింక మాంసం కూర, అడవిపంది కూర, తాటి జాతి చెట్టు మొవ్వతో చేసిన సలాడ్ దొరుకుతాయి. సలాడ్‌లో పొగబెట్టిన చేప కలుపుతారేమో అడిగి తెలుసుకోండి. పక్కనే పండే కాఫీ కూడా తాగవచ్చు. అక్కడినుంచి ల మోర్న్ కొండకు వెళ్తే చుట్టూ రిసార్టులే కనిపిస్తాయి. తిండికి ఉత్తరాన ఉన్న లా గోలెత్ ఊళ్లో ఆగడం నయం.

ఈల్ ఓ సెర్ఫ్ దీవికి పడవ ప్రయాణం కొనేటప్పుడు బార్బెక్యూ భోజనం కలిపి అమ్మజూస్తారు. అది చెడ్డదేమీ కాదు, కాని ఏ దేశపు బీచ్‌లోనైనా దొరికే రుచే. ఆ భోజనం లేని టిక్కెట్టు తీసుకుని, పడవలు బయల్దేరే ట్రూ దో డూస్ అనే జాలరుల ఊళ్లో చేపల వింధాయ్ తినడం మేలు. ఆవాలు, పసుపు, వెనిగర్, వెల్లుల్లితో ఊరవేసిన చేప అది; అన్నంతోనూ బ్రెడ్డుతోనూ బాగుంటుంది. ఆదివారమో బుధవారమో అయితే దారిలో ఫ్లాక్ అనే ఊరి సంతలో ఆగండి.

5. ఆదివారం ప్రజల బీచ్‌కు వెళ్లండి

ఫ్లిక్ ఆన్ ఫ్లాక్, మాంట్ షాజీ వంటి తీరాల్లో సరుగుడు చెట్ల నీడన కుటుంబాలన్నీ గిన్నెలతో సహా దిగుతాయి. ఫుడ్ ట్రక్కులు, బండ్లు కూడా అక్కడికే వస్తాయి. రిసార్టుల ముందున్న ఇసుక మీద కంటే ఇక్కడే ద్వీపం ఏం తింటుందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ఉత్తర తీరంలోని పర్యాటక ఊరు గ్రాండ్ బేలో బస చేసినవారు సముద్రం ఎదుటి మెనూ బోర్డులను దాటి లోపలి వీధుల్లోకి నడవాలి.

6. ఆఖరి భోజనాన్ని మహెబుర్గ్‌కు వదిలిపెట్టండి

విమానాశ్రయం ఈ ఊరికి దగ్గర, బ్లూ బే తీరం కూడా దగ్గరే. తిరుగు ప్రయాణం సోమవారం పడితే అదృష్టం, ఊరి పెద్ద సంత ఆ రోజే. బస్టాండు పక్కన తాజా గాతో పిమా తిని, ఊరి అంచున కర్రపెండలంతో బిస్కెట్లు చేసే పాత కర్మాగారం చూడవచ్చు. అది 1870 నాటిది. ఎండిన చెరుకు ఆకుల మంట మీద పెనాలు వేడెక్కించి బిస్కెట్లు కాలుస్తారు. ఆ బిస్కెట్లను చేతిసంచిలో తెచ్చుకోవచ్చు. నూనెలో ఊరిన పళ్ల పచ్చళ్లను మాత్రం గట్టిగా మూత బిగించి, చెక్-ఇన్ సామానులో పెట్టండి.