నోటి మాట ఒకటి, రిపోర్టు ఇంకొకటి: షుగర్, బీపీ, థైరాయిడ్ ఉన్న ఇళ్లలో సమస్య - పరిష్కారం

నేను డాక్టర్ని కాదు, అమ్మ షుగర్ ఫైల్ పట్టుకుని ఎనిమిదేళ్లుగా ఓపీల్లో కూర్చున్నదాన్ని. డాక్టర్ మందు రాసేది మనం చేసేదాన్ని బట్టి కాదు, మనం చెప్పేదాన్ని బట్టి. ఇది నాకు బాగా ఆలస్యంగా అర్థమైంది. అందుకే మా ఇంట్లో, చుట్టాల ఇళ్లలో చూసినవన్నీ కలిపి రాస్తున్నా.

సమస్య: పరగడుపు షుగర్ 110, మూడు నెలల షుగర్ మాత్రం 9

ల్యాబ్ తప్పు అనుకుంటాం ముందు. రక్తంలో ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, హెచ్‌బీఏ1సీ చూపించేది ఆ కణాలకి అంటుకున్న చక్కెరని, అంటే గత రెండు మూడు నెలల లెక్క. 9 వచ్చిందంటే సగటున షుగర్ 212 దగ్గర ఉన్నట్టు. పరగడుపుది మాత్రం ఆ ఒక్క పొద్దుటి లెక్క. టెస్టుకి రెండు రోజుల ముందు అన్నం మానేసి జొన్నరొట్టె తిని, మర్చిపోకుండా ట్యాబ్లెట్లు వేసుకుని వెళ్తే అది బాగానే వస్తుంది మరి. మోసం చేద్దామని కాదు, డాక్టర్ తిడతారని భయం అంతే.

కానీ ఒక్కమాట, వెంటనే ఇంట్లోవాళ్ల మీద పడిపోకండి. నిజంగానే పరగడుపు బాగుండి తిన్నాక మాత్రం పెరిగేవాళ్లు ఉంటారు, ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్నా ఈ నంబర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. హిమోగ్లోబిన్ చూపించుకోండి, ఓ నాలుగైదు రోజులు మామూలుగా తినేదే తిని రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌తో చూసి, ఏం తిన్నారో పక్కనే రాయండి. పప్పుచారు అన్నం రెండుసార్లు పెట్టుకున్నాను అంటే రెండుసార్లు అనే రాయాలి.

సమస్య: మందులన్నీ వేసుకుంటున్నా అంటారు, షుగర్ దిగదు, డోసు పెరుగుతూనే ఉంటుంది

ఇది మా అమ్మ కథే. అమ్మ తెనాలి దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది, నేను హైదరాబాద్‌లో. రోజూ ఫోన్‌లో "ట్యాబ్లెట్ వేసుకున్నావా అమ్మా" అంటే "ఆ వేసుకున్నా" అనేది, డాక్టర్ గారు అడిగినా అదే మాట. షుగర్ తగ్గట్లేదని మెట్‌ఫార్మిన్‌కి తోడు గ్లిమిపిరైడ్ రాశారు, ఆర్నెల్లకి దాన్నీ పెంచారు. తర్వాత పండక్కి నా దగ్గరికొచ్చింది, నేను టైముకి ఒక్కటి పోకుండా చేతిలో పెట్టి వేయించా. నాలుగో రోజు పదకొండింటికి కూర తరుగుతూ తరుగుతూ కత్తిపీట మీద చెయ్యి ఆపేసింది, జాకెట్టు వీపంతా చెమటతో తడిసిపోయింది, పిలిస్తే సరిగ్గా పలకట్లేదు. మీటర్‌లో 54. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూస్తే 82, అప్పుడు కాస్త అన్నం పెట్టా. (మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పొయ్యకూడదు, వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.)

ఆ సాయంత్రం చెప్పింది. మెట్‌ఫార్మిన్ వేసుకుంటే విరోచనాలు అవుతాయట, బస్సెక్కాల్సిన రోజు, పెళ్లికో పేరంటానికో వెళ్లే రోజు మానేస్తుందట, అట్లా వారానికి మూడు నాలుగు పోతాయి. మగ డాక్టర్ గారికి ఆ మాట ఎట్లా చెప్తాను అంది. అంటే డాక్టర్ గారు వేసుకోని మందు పనిచెయ్యట్లేదనుకుని డోసు పెంచుకుంటూ పోయారు, అదంతా ఒక్కసారే ఒంట్లో పడింది.

ఏం చెయ్యాలంటే, "వేసుకున్నావా" అని అడగడం మానెయ్యండి, దానికి వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. "ఈ వారం ఎన్ని మిస్సయ్యాయి, ఏ పూటవి" అని అడగండి, మిస్సవడం మామూలే అన్నట్టు, గొంతులో కోపం లేకుండా. దీర్ఘకాలం వాడాల్సిన మందులు సరిగ్గా వేసుకునేవాళ్లు బాగా డబ్బున్న దేశాల్లో కూడా సగటున సగం మందేనని 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థే రాసింది, కాబట్టి మీ అమ్మో నాన్నో ఒక్కరే తప్పు చేసినట్టు కాదు. మిగిలిన స్ట్రిప్పులు అన్నీ ఓపీకి తీసుకెళ్లండి. మానడానికి కారణం విరోచనాలా, మందుల ఖర్చా, మతిమరుపా అన్నది చెప్తేనే దారి దొరుకుతుంది. మా అమ్మకి అదే మందు మెల్లగా కరిగే ఎస్ఆర్ రకం, కడుపునిండా తిన్నాక వేసుకునేట్టు మార్చారు, గ్లిమిపిరైడ్ తగ్గించారు. ఇప్పుడు మానట్లేదు.

సమస్య: "ఏమీ తినట్లేదు, అయినా బరువు తగ్గట్లేదు"

ఈ మాట అనేవాళ్లు అబద్ధం చెప్తున్నారని నేననుకోను. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక స్టడీ వచ్చింది, ఎంత తగ్గించి తిన్నా బరువు దిగట్లేదు అనేవాళ్లని కొలిచి చూస్తే, వాళ్లు తినేదాన్ని సగటున 47 శాతం తక్కువ చెప్పారు, చేసే శ్రమని 51 శాతం ఎక్కువ చెప్పారు. మన దగ్గర భోజనం ఒక్కటే తిండి కింద లెక్క, పిల్లాడి కంచంలో మిగిలిన పెరుగన్నం, టీవీ ముందు గుప్పెడు జంతికలు, రోజుకి ఐదు టీలు లెక్కలోకే రావు.

గుర్తుపెట్టుకుని చెప్పడం కుదరదు, అందుకని మూడు రోజులు నోట్లో పెట్టుకునే ముందు ప్రతీదీ ఫోన్‌తో ఫొటో తియ్యండి. నూనె సంగతి ఇంకా తేలిక: నలుగురున్న ఇంట్లో 5 లీటర్ల క్యాన్ నెలకి అయిపోతోందంటే మనిషికి రోజుకి 41 మిల్లీలీటర్లు, ఒక్క నూనెతోనే దాదాపు 340 కేలరీలు.

సమస్య: బీపీ బుక్కులో అన్నీ 120/80, ఆస్పత్రిలో 160

ఆస్పత్రిలో కంగారుకి పెరగడం నిజంగా ఉంది. అయితే ఇంట్లో మూడుసార్లు చూసుకుని తక్కువ వచ్చినది మాత్రమే రాసుకోవడం కూడా ఉంది, మా మావయ్య చాలాకాలం అదే చేశారు. మెషిన్ మెమరీనే డాక్టర్‌కి చూపించండి. కాఫీ తాగిన అరగంట లోపు చూడొద్దు, ఐదు నిమిషాలు ఊరికే కూర్చుని చూడండి.

సమస్య: థైరాయిడ్ టెస్టులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) ఎక్కువ, టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) మాత్రం మామూలుగానే ఉంది

దీనికి వేరే కారణాలూ ఉంటాయి గానీ తరచూ కనిపించే కారణం ఒకటుంది, చాలా రోజులు థైరాయిడ్ మాత్ర వదిలేసి టెస్టు ముందు వారం రోజులే వేసుకోవడం. టీ4 త్వరగా సర్దుకుంటుంది, టీఎస్‌హెచ్‌కి వారాలు పడుతుంది. చెప్పకపోతే డోసు పెంచుతారు, తర్వాత గుండెదడ. వేసుకుంటూనే ఉన్నా పెరిగితే, మాత్రతో పాటే కాఫీ తాగుతున్నారేమో, కాల్షియం ఐరన్ మాత్రలు దగ్గరదగ్గరగా వేసుకుంటున్నారేమో చూడండి, ఆ కాల్షియం ఐరన్ మాత్రలకీ థైరాయిడ్ మాత్రకీ నాలుగు గంటల ఎడం కావాలి.

సమస్య: తాగుడు అలవాటు "అప్పుడప్పుడే" అని చెప్పి ఆపరేషన్‌కి చేరారు

ఇది మాత్రం ప్రాణాల మీదకొచ్చేది, దయచేసి దాచొద్దు. రోజూ తాగే మనిషికి ఆస్పత్రిలో ఒక్కసారిగా ఆగిపోతే రెండు మూడు రోజుల్లోపే చేతులు వణకడం, ఫిట్స్, మతి తప్పి మాట్లాడటం రావొచ్చు, ముందే తెలిస్తే డాక్టర్లు మందులతో అది రాకుండా చూసుకుంటారు. భార్య ముందో కొడుకు ముందో చెప్పడానికి నోరు రాదు చాలామందికి. "డాక్టర్ గారితో ఒక్క నిమిషం విడిగా మాట్లాడాలి" అనండి, వారానికి ఎన్ని క్వార్టర్లో అంకెతో చెప్పండి. తీసుకెళ్లిన మనమూ ఆ నిమిషం బయటికి రావాలి.

ఊళ్లో ఆశా కార్యకర్త ముప్పై దాటినవాళ్లకి షుగర్, బీపీ లాంటివి వచ్చే అవకాశం ఉందేమో చూడ్డానికి ఫారం నింపేటప్పుడు కూడా ఇంతే. పొగాకు, కల్లు, మందు గురించి వాకిట్లో పక్కింటివాళ్ల ముందు అడిగితే అందరూ లేదనే అంటారు, లోపలికి రమ్మని మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి చెప్పండి.

సమస్య: లివర్ రిపోర్టు తేడాగా ఉంది, కారణం దొరకట్లేదు

నాటు మందు, పసరు, చుట్టాలు పంపిన పొడి ఏమైనా వాడుతున్నారా అని అడగండి. "అది మందు కాదుగా" అని చెప్పరు. కొన్నిట్లో సీసం లాంటి లోహాలు, స్టెరాయిడ్లు బయటపడ్డాయి. పేరు తెలియకపోయినా పర్లేదు, ఆ డబ్బానో పొట్లమో అలాగే సంచిలో వేసుకుని ఓపీకి తీసుకెళ్లండి.