ఫైర్ సీజన్‌లో స్కానర్ వింటున్నారా? ఇవి చూసుకోండి

గాలులు పెరిగిన రోజున కాలిఫోర్నియాలో మన వాట్సాప్ గ్రూపుల్లో అన్నిటికంటే ముందు వచ్చి పడేది స్కానర్ లింకే, అంటే పోలీసులు, ఫైర్ వాళ్లు రేడియోలో మాట్లాడుకునేది నెట్‌లో వినిపించే లింకు. బ్రాడ్‌కాస్టిఫై అనే సైట్‌లో కౌంటీ పేరు కొట్టి ఫైర్ డిస్పాచ్ (ఫైరింజిన్లని పంపించే ఛానెల్) పెట్టుకుంటే చాలు, ఏ ఇంజిన్ ఎటు పోతోందో ఇంట్లో కూర్చునే వినొచ్చు. వినొద్దని నేను అనను, నేనూ వింటాను. కాకపోతే అవి మనకోసం చదివే వార్తలు కావు, పనిలో ఉన్నవాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే మాటలు. ఆ సంగతి మర్చిపోయి వింటే లేనిపోని టెన్షన్, ఒక్కోసారి ప్రాణాల మీదికి కూడా వస్తుంది.

లైవ్ అని రాసి ఉన్నా అది పూర్తిగా లైవ్ కాదు. ఎక్కువ స్ట్రీములు ఎవరో ఒక వాలంటీర్ తన ఇంట్లో రేడియోని కంప్యూటర్‌కి కలిపి నెట్‌లోకి పంపేవే, మన చెవిన పడేసరికి అర నిమిషం నుంచి ఒకటి రెండు నిమిషాలు ఆలస్యమవుతుంది. పైగా చాలాచోట్ల ఆ రేడియో పది ఛానెళ్ల మీద తిరుగుతూ ఎక్కడ మాట వినపడితే అక్కడ ఆగుతుంది, ఆ టైములో మిగతా ఛానెళ్లలో ఏమన్నారో మనకి తెలియదు. ఆ వాలంటీర్ ఇంట్లో కరెంటు పోతే స్ట్రీమ్ కూడా పోయినట్టే. పెద్ద గాలులప్పుడు కరెంటు కంపెనీలే ముందుజాగ్రత్తగా లైన్లు ఆపేస్తాయి కదా, అంటే సరిగ్గా అవసరమైన రోజే అది మూగబోవచ్చు. స్కానర్ సైలెంట్ అయిందంటే మంట తగ్గిందని మాత్రం అనుకోకండి.

ఇక వినపడేదాని సంగతి. డిస్పాచర్ ముందు చెప్పేది 911కి ఫోన్ చేసిన మనిషి చెప్పిన మాటే, దాన్ని అప్పటికి ఎవరూ చూసి నిర్ధారించలేదు. "స్ట్రక్చర్ ఫైర్" (ఇల్లో భవనమో అంటుకుందని) అని ఫలానా వీధి పేరు చెప్పి నాలుగు ఇంజిన్లని పంపిస్తారు. కాసేపటికి మొదటి ఇంజిన్ అక్కడికి చేరి "నథింగ్ షోయింగ్" అంటుంది, అంటే బయటికి పొగా మంటా ఏమీ కనపడటం లేదని. తర్వాత "ఫుడ్ ఆన్ ద స్టవ్, మిగతావాళ్లు వెనక్కి వెళ్లిపోండి" అంటారు, అంతే. మొదటి మాట విని గ్రూపులో పెట్టినవాళ్లు మూడో మాట వచ్చేదాకా ఆగరు, ఆ వీధిలో ఎవరి అమ్మానాన్నలో ఉంటారు, వాళ్లు వరసపెట్టి ఫోన్లు మొదలుపెడతారు.

మాటల అర్థాలు కూడా చూసుకోవాలి. "ఫార్వర్డ్ ప్రోగ్రెస్ స్టాప్డ్" అంటే మంట ముందుకి పాకడం ఆగిందని, ఆరిపోయిందని కాదు. 60 శాతం కంటైన్‌మెంట్ అంటే మంట చుట్టుకొలతలో అంత మేర, మంట దాటకుండా ఆపే హద్దు గట్టిపడిందని అర్థం. పోలీసుల నంబర్ కోడ్‌లైతే ఊరికో రకం, నెట్‌లో దొరికిన చార్టు మీ కౌంటీకి పనికిరాకపోవచ్చు.

నా లెక్క ఒకటే: ఇల్లు వదిలి వెళ్లడానికి స్కానర్‌ని నమ్మొచ్చు, ఉండిపోవడానికి నమ్మకూడదు. అధికారులు ఇచ్చే ఎవాక్యుయేషన్ (ఇళ్లు ఖాళీ చేయడం) వార్నింగ్ అంటే సర్దుకుని సిద్ధంగా ఉండమని (పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉన్న ఇల్లయితే అప్పుడే కదలడం మేలు), ఆర్డర్ అంటే వెంటనే వెళ్లిపొమ్మని. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ దగ్గర ఈటన్ ఫైర్ అప్పుడు పశ్చిమ ఆల్టడీనాలో ఇళ్లు అంటుకున్న చాలాసేపటికి గానీ ఆర్డర్లు రాలేదు. అదే వారంలో, జనవరి 9న, లాస్ ఏంజెలెస్ కౌంటీ మొత్తానికి, దాదాపు కోటి మందికి, పొరపాటున ఎవాక్యుయేషన్ అలర్ట్ వెళ్లింది. అయినా అలర్ట్ తప్పయితే తర్వాత ఇంకో మెసేజ్ వచ్చి సరిచేస్తుంది, స్కానర్లో విన్నదాన్ని మనకి సరిచేసి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే మీ ఎవాక్యుయేషన్ జోన్ నంబర్ (ఖాళీ చేయమన్నప్పుడు మీ ప్రాంతాన్ని గుర్తించే నంబర్) ఇవాళే చూసి రాసిపెట్టుకోండి. వాచ్ డ్యూటీ యాప్ వేసుకుంటే ఇంకా మంచిది, అందులో అనుభవం ఉన్నవాళ్లు రేడియో విని, సరిచూసుకుని రాస్తారు.

విన్నది అలాగే పోస్ట్ చేయకండి. రేడియోలో ఇంటి అడ్రసులు, పేషెంట్ల జబ్బులు, ఒక్కోసారి పేర్లూ వచ్చేస్తాయి. 2013లో బోస్టన్ బాంబుల కేసులో, స్కానర్లో విన్నామంటూ నెట్‌లో జనం సంబంధం లేని మనుషుల పేర్లు నిందితులుగా తిప్పారు. ఏ ఇళ్లు సోదా చేస్తున్నారో బయటపెట్టొద్దని పోలీసులే ట్విట్టర్లో చెప్పుకోవాల్సి వచ్చింది. విని అక్కడికి కారేసుకుని వెళ్లడం మరీ అన్యాయం, ఇరుకు కొండ రోడ్లలో ఫైరింజిన్‌కి అడ్డం పడేది అలాంటి కార్లే.

చట్టం సంగతి క్లుప్తంగా: అమెరికాలో ఎన్‌క్రిప్ట్ చేయని (బయటివాళ్లకి అర్థం కాకుండా కోడ్‌లోకి మార్చని) పోలీస్, ఫైర్ రేడియో వినడం ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు కాదు, దాన్ని నేరానికి వాడుకుంటే తప్పు. న్యూయార్క్, ఫ్లోరిడా, ఇండియానా, కెంటకీ, మిన్నెసోటా లాంటి చోట్ల కారులో స్కానర్ పెట్టుకోవడం మీద ఆంక్షలున్నాయి, అటు వెళ్లేవాళ్లు ముందే కనుక్కోండి.

డేటా భయం అక్కర్లేదు, 16 కేబీపీఎస్ స్ట్రీమ్ అయితే గంటకి 7 ఎంబీ చాలు. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు, కాలిఫోర్నియాలో ఖాళీ చేయించేటప్పుడు పోలీసులు వాడే హై-లో సైరన్ వేరేగా ఉంటుంది, అది వినపడాలి. రాత్రి పడుకునేముందు స్ట్రీమ్ ఆపేసి, ఫోన్‌లో ఎమర్జెన్సీ అలర్టులు ఆన్‌లో ఉన్నాయో లేదో చూసి, ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టండి.