సొంత చేత్తో కంప్యూటర్ రిపేరు, 4వ పాఠం: చాట్ యాప్ సతాయిస్తుంటే

పోయిన పాఠంలో విండోస్‌లోని టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ, మెమరీ, డిస్క్ అనే మూడు గళ్ళను చదవడం నేర్చుకున్నాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే వచ్చేది అదే. ఇంటిపని చేసినవాళ్ళకు ఈ పాఠం నల్లేరు మీద నడక. చేయనివాళ్ళు ఓ ఐదు నిమిషాలు అది తెరిచి చూసుకుని రండి.

ఈసారి జబ్బు అందరికీ తెలిసిందే. చాట్‌లో టైప్ చేస్తే అక్షరాలు ఆలస్యంగా పడతాయి. లేదా పంపిన మెసేజ్ పక్కన గడియారం బొమ్మ అలాగే ఉండిపోతుంది. లేదా ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపులోకి వెళ్తే తెర తెల్లగా నిలబడిపోతుంది. మనవాళ్ళు ఈ మూడింటికీ పెట్టే పేరు ఒకటే, 'నెట్ స్లో'. వేసే మందూ ఒకటే, యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించడం. నేనూ చాలాకాలం అదే చేశాను. ఒకసారి పనిచేసేది, రెండుసార్లు చేసేది కాదు. ఎందుకు చేసిందో, ఎందుకు చేయలేదో మాత్రం ఎప్పుడూ తెలిసేది కాదు.

కూకట్‌పల్లిలో ఉండే మా చిన్నమ్మ ఇంట్లోనే కూర్చుని ఒక ఆఫీసుకు లెక్కలు రాస్తుంది. ఒకరోజు ఫోన్ చేసి, "ఈ నెట్టోడిని మార్చేస్త బిడ్డా, నెలనెలా పైసలు దండగైతున్నయ్" అంది. "మార్చే ముందు ఒక పని చెయ్ చిన్నమ్మా, చాట్ తెరిచి నీ పేరు గబగబా కొట్టు, పంపకు" అన్నాను. కొట్టింది. తన పేరులో అక్షరాలు ఒక్కొక్కటే మెల్లగా వచ్చాయట. నెట్ కంపెనీ మీద కోపం అక్కడితో తీసి పక్కన పెట్టించాను.

ఈ పాఠానికి ప్రాణం ఆ పరీక్షే. మీరు కొట్టిన అక్షరం తెరమీద పడటానికి నెట్ అక్కర్లేదు. కీబోర్డు నుంచి తెర దాకా జరిగేదంతా మీ కంప్యూటర్ లోపలే. అక్షరమే ఆలస్యమైతే తప్పు కంప్యూటర్‌ది. అక్షరాలు చకచకా పడి, పంపాక ఆగితే అప్పుడు నెట్‌ను అనుమానించండి. వైఫై ఆపేసి కూడా ఈ పరీక్ష చేయొచ్చు. ఆపాక కూడా టైపింగ్ అలాగే ఈడుస్తుంటే ఇక సందేహమే లేదు.

ముందు కంప్యూటర్ సంగతి చూద్దాం, ఎక్కువమందికి బెడద ఇక్కడే. టాస్క్ మేనేజర్‌లో మీ చాట్ యాప్ పేరు పక్కనున్న బాణం నొక్కండి. ఒక్క యాప్ కింద నాలుగైదు వరుసలు కనిపిస్తే వైరస్ అని కంగారుపడకండి. స్లాక్, డిస్కార్డ్ లాంటివి ఎలక్ట్రాన్ అనే పునాది మీద కట్టినవి. దాన్ని 2013లో గిట్‌హబ్ వాళ్ళు ప్రోగ్రాములు రాసుకునే తమ ఆటమ్ ఎడిటర్ కోసం మొదలుపెట్టారు, 2015లో ఎలక్ట్రాన్ అని పేరు మార్చారు. దాని లోపల ఉన్నది క్రోమియం, అంటే క్రోమ్ బ్రౌజర్‌కు మూలమైన ఇంజిన్. మీరు చాట్ యాప్ అనుకుంటున్నది నిజానికి ఒకే ఒక్క వెబ్‌సైట్ చూపించే బ్రౌజర్ అన్నమాట. 2023లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వాళ్ళ కొత్త టీమ్స్ ఎలక్ట్రాన్‌ను వదిలేసి వెబ్‌వ్యూ2 అనేదానికి మారింది కానీ, అదీ ఎడ్జ్ బ్రౌజర్ ఇంజినే. రెండు చాట్ యాప్‌లు, పక్కన క్రోమ్ తెరిచారంటే ఇంట్లో మూడు సంసారాలు నడుస్తున్నట్టు.

చిన్నమ్మ ల్యాప్‌టాప్‌లో ర్యామ్, అంటే మెమరీ గడి లెక్కచూపేది, 4 జీబీ. మెమరీ గడిలో 93 శాతం, డిస్క్ గడిలో 100 శాతం చూపిస్తోంది. ఈ రెండూ కలిసి పెరిగితే అర్థం ఒకటే. వంటింటి గట్టు నిండిపోతే సామాను అటక మీదికి ఎక్కిస్తాం కదా, ర్యామ్ నిండగానే విండోస్ కూడా కొంత సరుకును డిస్క్‌లోకి నెడుతుంది. మీరు చాట్ మీద నొక్కగానే దాన్ని మళ్ళీ కిందికి దించాలి. పాత తిరిగే హార్డ్ డిస్క్ అయితే ఆ అటకకు నిచ్చెన కూడా సరిగా లేనట్టే. తెర తెల్లగా నిలబడిపోయేది ఆ ఎక్కిదిగే వేళలోనే.

పైసా ఖర్చు లేని మందు ముందు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అనే భాగానికి వెళ్ళి, కంప్యూటర్ వెలగగానే తమంతట తాము లేచి కూర్చునే యాప్‌లను డిసేబుల్ చేయండి. అవి ఎక్కడికీ పోవు, మీరు పిలిస్తేనే వస్తాయి, అంతే. తర్వాత, రోజుకు రెండుసార్లే చూసే చాట్‌కు వేరే యాప్ ఎందుకు? ఎలాగూ తెరిచి ఉన్న బ్రౌజర్‌లో ఒక ట్యాబ్‌గా పెట్టుకోండి. చిన్నమ్మకు ఈ రెండు పనులతోనే సగం పరేషానీ తగ్గింది. మిగతా సగం ఇరవై చిల్లర ట్యాబ్‌లు, వాటిని మూయించడానికి మాత్రం నాకు ఆ పూట సరిపోలేదు.

మెమరీ ఖాళీగానే ఉన్నా యాప్ ఈడుస్తుంటే కాష్ చూడాలి. పాత ఫొటోలు, పేజీ ముక్కలు మళ్ళీ నెట్ నుంచి తేనక్కర్లేకుండా యాప్ దాచుకునే నిల్వ అది. అప్పుడప్పుడు అది పాడవుతుంది. స్లాక్‌లో హెల్ప్, ట్రబుల్‌షూటింగ్ లోకి వెళ్తే కాష్ తుడిచి మళ్ళీ మొదలుపెట్టే మీట సిద్ధంగా ఉంటుంది. డిస్కార్డ్‌కైతే చేత్తో చేయాలి. యాప్‌ను పూర్తిగా మూసి, గడియారం పక్కనున్న చిన్న గుర్తు నుంచి కూడా క్విట్ చేయండి. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి పర్సెంట్ గుర్తు, యాప్‌డేటా అనే మాట, మళ్ళీ పర్సెంట్ గుర్తు ఖాళీ లేకుండా (%appdata%) కొట్టి ఎంటర్ నొక్కండి. డిస్కార్డ్ ఫోల్డర్‌లో కాష్, కోడ్ కాష్, జీపీయూ కాష్ అనే మూడింటినే తీసేయండి. ఊపులో ఫోల్డర్ మొత్తం లేపేస్తే లాగిన్ కూడా పోతుంది. తర్వాత పాస్‌వర్డ్ గుర్తులేదని టెన్షన్ పడి లాభం లేదు.

అక్షరాలు బాగానే పడుతూ, స్క్రోల్ చేస్తే మాత్రం తెర ఎగిరెగిరి పడుతుంటే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ అనే మీటను వెతకండి. స్లాక్‌లో ప్రిఫరెన్సెస్‌లో అడ్వాన్స్‌డ్ కింద, డిస్కార్డ్‌లో సెట్టింగ్స్‌లో ఉంటుంది. బొమ్మలు గీసే పనిని గ్రాఫిక్స్ చిప్‌కు అప్పగించే మీట అది. చిప్ మంచిదైతే ఆన్‌లో ఉండాలి, దాని డ్రైవర్ (చిప్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్) పాతబడితే ఆఫ్ చేస్తేనే హాయి. మీది ఏ రకమో మార్చి చూస్తేనే తెలుస్తుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి, నోటుబుక్కులో రాసుకోండి. నాలుగూ ఒకేసారి మారిస్తే బాగైనా ఏది బాగుచేసిందో తెలియదు.

ఇక నిజంగానే నెట్ తప్పయితే. కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైప్ చేసే నల్ల కిటికీ, తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే అని ఉన్న అంకెలు మీ రౌటర్ చిరునామా. చాలా ఇళ్ళలో 192.168.1.1 ఉంటుంది. పింగ్ (ping) అని కొట్టి, ఖాళీ వదిలి ఆ అంకెలు కొట్టండి. అటు పంపిన పలకరింపుకు జవాబు రావడానికి ఎంతసేపు పట్టిందో అది మిల్లీసెకన్లలో చెబుతుంది. తర్వాత గూగుల్ వాళ్ళ 8.8.8.8 కి అలాగే చేయండి. రౌటర్ దాకానే మిల్లీసెకన్లు వందల్లోకి ఎగిరిపడుతుంటే బయటి లైన్ కాదు, మీ ఇంటి వైఫై బాగాలేదు. అపార్ట్‌మెంట్లలో ఇది మామూలే. ప్రతి ఫ్లాట్‌లో ఒక రౌటర్, అందరూ 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండ్ మీదే. ఆ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్ళు 1, 6, 11 మూడే. వంటింట్లో మైక్రోవేవ్ తిరిగేదీ దాదాపు అక్కడే. 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. అది గోడలు దాటడంలో కాస్త నీరసం, కాబట్టి రౌటర్ ఉన్న గదిలో కూర్చోండి. రౌటర్ దాకా బాగుండి, 8.8.8.8 కి మాత్రం తడబడితే అప్పుడు నెట్ వాళ్ళకు ఫోన్ చేయండి. ఈ అంకెలు చదివి చెప్తే, "రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి" అనే దగ్గరే మాట ఆగిపోదు.

ఇంటిపని: రేపు పొద్దున, మళ్ళీ రాత్రి తొమ్మిదికి రెండు పింగ్‌లూ కొట్టి అంకెలు రాసుకోండి. మెమరీ, డిస్క్ శాతాలూ పక్కనే రాయండి. ఇన్ని చేసినా మెమరీ 85 దాటి దిగనివాళ్ళకు ర్యామ్ పెంచడమే దారి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, అవి మారవు. మిగతావాళ్ళు కంప్యూటర్ సామాన్లు అమ్మే సికింద్రాబాద్ సీటీసీకి ఇప్పుడే పరుగెత్తకండి, పాత ముక్క చేతిలో లేకుండా వెళ్తే డీడీఆర్3 రకం ర్యామ్ ఇవ్వాలా, డీడీఆర్4 ఇవ్వాలా అని షాపతను అడిగితే నీళ్ళు నమలాలి. వచ్చే పాఠంలో ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పుతాం. చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, స్క్రూలు వేసుకోవడానికి స్టీలు గిన్నె ఒకటి పక్కన పెట్టుకోండి.