బోల్ట్ రైఫిల్ పాఠాలు – 5వ భాగం: మూడు తూటాల కాగితం చూసి రైఫిల్ కొనకండి

వేటకూ టార్గెట్‌కూ కలిపి ఒకే బోల్ట్ రైఫిల్ (ప్రతి తూటాకూ బోల్ట్‌ను చేత్తో వెనక్కి లాగి ముందుకు నెట్టేది) ఎంచుకోవడం ఎలాగో ఈ భాగంలో పూర్తిగా చెప్పేద్దామనుకున్నాను. పోయిన పాఠం అభ్యాసానికి మీరు పంపిన కాగితాలు చూశాక ముందు వాటి సంగతే తేల్చాలి. 100 గజాల దగ్గర గ్రూప్, అంటే ఒకే గురికి కాల్చిన చిల్లుల్లో బాగా ఎడంగా పడ్డ రెండింటి మధ్య దూరం, కొలిచి పంపమన్నాను. దాదాపు అందరూ మూడేసి తూటాలు కాల్చి, బాగా కుదిరిన కాగితం ఒక్కటే ఏరి పంపారు. దాన్నిబట్టి ‘ఈ రైఫిల్ అర అంగుళం కొడుతోంది, ఇదే కొంటున్నా’ అని కొందరు నిర్ణయానికి కూడా వచ్చేశారు. డబ్బు కట్టకముందే ఇది చదవండి.

రైఫిల్ అదే, మనిషి అతనే, తూటాల పెట్టె అదే అనుకోండి. మూడు మూడు చొప్పున కాలుస్తూ పోతే ఒక కాగితంలో 0.6 అంగుళం వస్తుంది, మరోదాంట్లో 1.5 వస్తుంది. రైఫిల్‌లో ఏమీ మారలేదు. ప్రతి రైఫిల్‌కూ తనదైన చెదురు ఒకటి ఉంటుంది, ఆ చెదురు ఎంతో మూడు చిల్లుల్లో బయటపడదు. మూడు తూటాలకు సగటున 1 అంగుళం వచ్చే రైఫిల్ ఐదు తూటాలకు సగటున 1.27 అంగుళాలు, పది తూటాలకు 1.6 అంగుళాల దరిదాపుల్లో చూపిస్తుంది. ఏ కంపెనీ రైఫిల్‌కైనా ఈ లెక్క ఒకటే, ఎందుకంటే ఇది సంభావ్యత గణితం. ఇక ఐదు కాగితాలు కాల్చి అన్నిటికంటే చిన్నది ఏరుకుంటే అదే రైఫిల్ 0.6 దగ్గర కనబడుతుంది. నిజంగా 1.6 అంగుళాలు చెదిరేదాన్ని మీరు అర అంగుళం రైఫిల్ అని నమ్మి కొంటున్నారు.

డాలస్ నుంచి ఒకాయన రెండు రైఫిళ్లు పక్కపక్కన పెట్టి పోల్చారు. ఒకటి 0.7, రెండోది 1.1, ఒక్కోదానికీ ఒక్కో మూడు తూటాల కాగితం. ఆ రెండు అంకెలతో ఏది మెరుగో చెప్పడం అసాధ్యం. మళ్లీ కాలిస్తే తారుమారు కావచ్చు.

దీనికి తోడు ఇంకో అలవాటు ఉంది. నాలుగు తూటాలు దగ్గరగా పడి ఐదోది పక్కకు పోతే ‘అది నా చెయ్యి కదలడం వల్ల, లెక్కలోకి రాదు’ అని కొట్టేస్తున్నారు. లెక్కలోకి వస్తుంది. ట్రిగ్గర్ పడిన క్షణంలోనే, చిల్లు ఎక్కడుందో చూడకముందే ‘ఇది కుడికి పోయింది’ అని నోటితో చెప్పగలిగితే దాన్ని విడిగా రాసుకోండి. చూశాక చెప్పే కారణం చెల్లదు. ఈ విషయంలో నేను మెత్తబడను.

స్కోప్ సరిచేసేటప్పుడు కూడా ఇదే తప్పు మిమ్మల్ని వెంటాడుతోంది. మూడు తూటాల నడిమి బిందువు కూడా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. మీరు మూడు కాల్చి రెండు క్లిక్‌లు కుడికి, ఇంకో మూడు కాల్చి మూడు క్లిక్‌లు ఎడమకి తిప్పుతూ పెట్టె మొత్తం ఖాళీ చేస్తున్నారు. పావు ఎమ్‌ఓఏ (గురి తేడా కొలిచే చిన్న కోణం) క్లిక్ 100 గజాల దగ్గర పావు అంగుళమే కదుపుతుంది. పది తూటాలు కాల్చి, వాటి నడుమ ఎక్కడో చూసి, ఒక్కసారే తిప్పండి.

పదీ ఏకబిగిన కాల్చొద్దు. వేట రైఫిల్ బారెల్ సన్నగా ఉంటుంది, వేడెక్కితే తూటా పడే చోటు జరగొచ్చు. రెండు కాల్చి, బోల్ట్ తెరిచి పెట్టి, బారెల్ చల్లబడ్డాక మరో రెండు. అన్నీ అదే కాగితం మీద.

ఇప్పుడు అసలు ప్రశ్న: వేటకు ఎంత గురి చాలు? వైట్‌టెయిల్ జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు దాదాపు 8 అంగుళాల వెడల్పు. ఒక ఎమ్‌ఓఏ అంటే 100 గజాలకు 1.047 అంగుళం. పది తూటాలకు 2 ఎమ్‌ఓఏ వచ్చే రైఫిల్ 300 గజాల దగ్గర 6.3 అంగుళాల్లో పడేస్తుంది. ఈ రోజుల్లో పేరున్న కంపెనీల మామూలు రైఫిల్ సరైన తూటాతో ఈ పని చేస్తుంది. అందుకే గ్రూప్ అంకె పట్టుకుని రైఫిల్ ఎంచుకోవద్దంటున్నాను. మీ ఒంటికి అమరేది ఏదో, ఏడాది పొడవునా కాల్చగలిగేది ఏదో అది చూడండి.

అమరిక పరీక్ష నేను ఇలా చేస్తాను. వేటకు వేసుకునే మందపాటి జాకెట్ తొడుక్కుని దుకాణానికి వెళ్లండి. ఖాళీ అని మీరే కళ్లారా చూసి, వేలు పెట్టి తడిమిన రైఫిల్‌ను కళ్లు మూసుకుని భుజానికి ఆనించండి. చెంప స్టాక్ (భుజానికి ఆనే వెనక భాగం) మీద హాయిగా దిగాక కళ్లు తెరవండి. స్కోప్‌లో అంచులు నల్లబడకుండా పూర్తి వలయం కనబడాలి. మెడ చాచాల్సి వచ్చినా, గడ్డం మాత్రమే ఆనినా ఆ రైఫిల్ ఆ రూపంలో మీది కాదు. ఫ్యాక్టరీ స్టాక్‌లు ట్రిగ్గర్ నుంచి వెనక అంచుకు 13.5 అంగుళాల పైచిలుకు వస్తాయి. పొట్టి చేతులవాళ్లకు, ముఖ్యంగా మన ఆడవాళ్లలో చాలామందికి, అది పొడవు. స్పేసర్లు తీసి పొడవు తగ్గించుకునే స్టాక్‌లు ఉన్నాయి, అడగండి. తర్వాత చెంప ఎత్తకుండా బోల్ట్ నాలుగైదు సార్లు ఆడించండి.

బరువు సంగతి. టెక్సస్‌లో గుడారం లాంటి బ్లైండ్‌లో కూర్చుని కాల్చేవాళ్లకు ఐదు కిలోలైనా ఇబ్బంది లేదు. కొలరాడో కొండల్లో ఎల్క్ అనే పెద్ద జింక కోసం నడిచేవాళ్లకు ప్రతి అరకిలో తెలుస్తుంది. రెండు పనులకూ ఒకటే కావాలంటే స్కోప్‌తో కలిపి నాలుగు కిలోల దగ్గర ఆగండి. అంతకంటే తేలికైతే బెంచ్ మీద ఇరవై కాల్చేసరికి భుజం వద్దంటుంది.

క్యాలిబర్, అంటే ఏ తూటా అన్నది, మూడో భాగంలో చెప్పాను. నా ఓటు ఇప్పటికీ 1952లో వచ్చిన 308 విన్‌చెస్టర్‌కే. ఎక్కడైనా దొరుకుతుంది, బారెల్ చాలాకాలం మన్నుతుంది. 2007 నాటి 6.5 క్రీడ్‌మోర్ తక్కువ తన్నుతుంది, గాలికి తక్కువ కొట్టుకుపోతుంది. టార్గెట్ మీద మనసు ఎక్కువున్నవాళ్లు అదే తీసుకోండి. మొదటి రైఫిల్‌గా 300 విన్‌చెస్టర్ మాగ్నమ్ మాత్రం వద్దు. దాని తన్నుకు జడిసి కన్ను ముందే మూసుకుపోతుంది, ఆ జడుపు వదిలించుకోవడానికి నెలలు పడుతుంది.

ఇక రైఫిళ్లు. ఫిన్లాండ్‌లో తయారయ్యే టిక్కా టీ3ఎక్స్ నా మొదటి ఎంపిక. బోల్ట్ 70 డిగ్రీలే ఎత్తాలి, వెన్నలా నడుస్తుంది, ట్రిగ్గర్‌కు ఏమీ చేయించనక్కర్లేదు. 1936లో వచ్చిన విన్‌చెస్టర్ మోడల్ 70లో మూడు స్థానాల సేఫ్టీ ఉంటుంది. నడిమి స్థానంలో ట్రిగ్గర్ పనిచేయదు, బోల్ట్ మాత్రం తెరిచి తూటా తీసేయొచ్చు. అడవిలో నాకు అది చాలా నచ్చుతుంది. చేతిలో డబ్బు తక్కువుంటే రూగర్ అమెరికన్, సావేజ్ 110. మిగిలిన డబ్బుతో తూటాలు కొనండి. పాత రెమింగ్టన్ 700 చూస్తున్నవాళ్లకు ఒక హెచ్చరిక: 2006 నుంచి 2014 ఏప్రిల్ దాకా తయారైనవాటిలోని ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్‌ను కంపెనీయే 2014లో వెనక్కి పిలిచింది. గన్‌స్మిత్‌కు చూపించకుండా కొనొద్దు.

తుపాకీ నోరు ఎటు ఉండాలి, వేలు ఎక్కడుండాలి అన్నవి మొదటి భాగంలో ఉన్నాయి, మళ్లీ రాయను.

వీసా గురించి అడిగినవాళ్లకు: హెచ్1బీ వంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చట్టంలో ఉన్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్. స్నేహితుడి రైఫిల్ రేంజ్‌లో పట్టుకోవడానికీ ఇదే వర్తిస్తుంది, కాబట్టి లైసెన్స్ ముందు, రైఫిల్ తర్వాత. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకు హంటర్ ఎడ్యుకేషన్ పూర్తిచేయాలి. న్యూజెర్సీలో ఉన్నవాళ్లు మరీ గమనించండి: అక్కడ జింక వేటకు ఈ తరహా రైఫిల్ అనుమతి లేదు, షాట్‌గన్, మజిల్‌లోడర్ (నోటి వైపు నుంచి మందు నింపే తుపాకీ), విల్లు మాత్రమే. పక్క రాష్ట్రానికి వెళ్లి వేటాడే ఉద్దేశం లేకపోతే మీరు టార్గెట్ రైఫిల్‌గానే ఎంచుకోండి.

హైదరాబాద్, విజయవాడ నుంచి చదువుతున్నవాళ్లకు వేట ప్రసక్తే లేదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. మీ దారి 50 మీటర్ల రైఫిల్. 22 ఎల్ఆర్ తూటా, పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం తెచ్చింది ఆ తరహా పోటీలోనే. దానికి బరువు, స్టాక్ లెక్కలు పూర్తిగా వేరు, విడిగా రాస్తాను.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. ఒక్క కాగితం తీసుకోండి, మధ్యలో 8 అంగుళాల వలయం గీయండి. రేంజ్‌కు వెళ్లిన ప్రతిసారీ చల్లటి బారెల్‌తో మొదటి తూటా ఆ కాగితం మీదే కాల్చండి, 100 గజాల నుంచి, బెంచ్ ఆసరా లేకుండా, మోకాలి మీద కూర్చుని. ఒక్కటే తూటా. తేదీ, ఎండ, గాలి పక్కన రాసి కాగితం మడిచి దాచేయండి. అలా పది వెళ్లడాలు అయ్యాక పది చిల్లులూ కొలవండి, ఒక్కటి కూడా కొట్టేయకుండా. జింక ముందు నిలబడినప్పుడు మీ చేతిలో ఉండేది ఆ మొదటి తూటానే. నెలలు పడితే పట్టనివ్వండి. సొంత రైఫిల్ లేనివాళ్లు అద్దెదో, స్నేహితుడిదో అయినా ప్రతిసారీ అదే రైఫిల్ తీసుకోండి. నాకు పంపేటప్పుడు మాత్రం కాగితం మొత్తం పంపండి.