బ్యాకప్ సర్వర్‌కి డేటాబేస్ ఎంత కావాలి? ముందే లెక్క కట్టడం ఎలా?

అమలాపురంలో ఒక స్కానింగ్ సెంటర్‌కి బ్యాకప్ సర్వర్ పెడుతున్నప్పుడు అక్కడి మేనేజర్ గారు అడిగారు: "మన డేటా రెండు టీబీ కదండీ, డేటాబేస్‌కి పది జీబీ ఇస్తే సరిపోద్దా?" సరిపోతుందండీ అన్నాను. ఆరు నెలలు తిరక్కుండా అది నిండిపోయింది, రాత్రి బ్యాకప్‌లు ఆగిపోయాయి. డేటా డిస్కులో మాత్రం బోలెడు ఖాళీ! తప్పు నాదే. జీబీలు చూశాను గానీ ఫైళ్లు లెక్కపెట్టలేదు.

ధాన్యం కాటా దగ్గర లారీలో ఎన్ని బస్తాలున్నా చిట్టాలో పడేది ఒక్క వరుసే. డేటాబేస్ కూడా ఆ చిట్టాయే. ఏ ఫైలు, ఎప్పటిది, ఎక్కడ దాచామన్నదే రాసుకుంటుంది. నాలుగు జీబీల సీసీటీవీ వీడియోకి ఒక పద్దు, అర ఎంబీ సీటీ చిత్రానికీ ఒక పద్దే.

అందుకని ముందు ఫైళ్ల సంఖ్య చూడండి. విండోస్‌లో ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిస్తే తెలిసిపోతుంది. సీటీ స్కాన్‌లో ఒక్కో చిత్రం సాధారణంగా 512 కేబీ ఉంటుంది, అంటే రెండు టీబీకి సుమారు 40 లక్షల ఫైళ్లు.

తర్వాత పెరుగుదల. రోజుకి 30 స్కాన్‌లు, స్కాన్‌కి 400 చిత్రాలు అనుకుంటే 12 వేల ఫైళ్లు. ఏడాదికి 300 పనిదినాలు వేసుకున్నా 36 లక్షలు. ఐదేళ్లకి పాతవాటితో కలిపి 2.2 కోట్లు. ఫైలు మారినప్పుడల్లా దాచే కొత్త కాపీని వెర్షన్ అంటారు. స్కాన్ చిత్రం మారదు కాబట్టి ఒక్క వెర్షన్ చాలు. బిల్లులు, రిపోర్టులు మారుతుంటాయి. అవి 2 లక్షలుంటే, మూడేసి వెర్షన్‌ల చొప్పున 6 లక్షల పద్దులు. మొత్తం 2.26 కోట్లు.

ఇప్పుడు ఒక్కో పద్దుకి ఎంత చోటు? ఐబీఎం వాళ్ల బ్యాకప్ సాఫ్ట్‌వేర్ టివోలి స్టోరేజ్ మేనేజర్ (ఇప్పటి పేరు స్టోరేజ్ ప్రొటెక్ట్) గైడ్‌లో ఒక్కో వెర్షన్‌కి 600 నుంచి 1,000 బైట్లు, రెండో కాపీ ఉంచితే దానికి ఇంకో 200 బైట్లు అని ఉంటుంది. పైన 50 శాతం అదనం వేసుకోమంటుంది. నేను 1,000 వైపే మొగ్గుతాను. 2.26 కోట్లని 1,200తో గుణిస్తే 27 జీబీ, అదనంతో కలిపి సుమారు 41 జీబీ. మొత్తం డేటాలో 1 నుంచి 5 శాతం అనే ఉజ్జాయింపు లెక్క కూడా ఒకటుంది. ఫైళ్లు లెక్కపెట్టే వీలున్నప్పుడు అది నాకు నచ్చదు. ఒకటికీ అయిదుకీ మధ్య తేడా చిన్నదా?

డీడూప్లికేషన్ (ఫైళ్లని ముక్కలు చేసి, ఒకేలా ఉన్న ముక్కల్ని ఒక్కసారే దాచడం) పెడితే ఈ లెక్క చెల్లదు. అప్పుడు ఫైలుకి కాదు, ముక్కకి పద్దు. సగటు ముక్క 256 కేబీ అయితే ఒక్క టీబీకే దాదాపు 42 లక్షల ముక్కలు.

లాగ్‌లకి, అంటే డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునీ రాసుకునే ఫైళ్లకి, వేరే డిస్కు ఇవ్వండి. డేటాబేస్ ఫుల్ బ్యాకప్ జరగకపోతే ఆర్కైవ్ లాగ్ (పాత లాగ్‌ల నిల్వ) పెరుగుతూనే పోతుంది.

ఇక ఒక్క సర్వర్ ఎంతవరకు లాగుతుంది? చోటు కంటే ముందు టైమ్ అయిపోతుంది. గడువు తీరిన పద్దులు తీసేయడం, డేటాబేస్‌ని బ్యాకప్ చేయడం తెల్లారేలోగా పూర్తవుతున్నాయా అని నెలకోసారి టైమ్ రాసుకోండి. ఒక్కసారైనా వేరే మెషీన్ మీద డేటాబేస్‌ని రీస్టోర్ చేసి చూడండి. దానికి పట్టే గంటలు మీ సెంటర్ ఆగగలిగే గంటల కంటే ఎక్కువైతే, డిస్కులో ఎంత ఖాళీ ఉన్నా మీ హద్దు దాటినట్టే.

ధవళేశ్వరంలో 10, 13, 17 లక్షల క్యూసెక్కులకి మూడు ప్రమాద హెచ్చరికలు ఇస్తారు కదా. నేనూ డేటాబేస్ చోటు 60, 75, 85 శాతం నిండిన దగ్గర మూడు పెట్టుకున్నాను. మొదటిదానికి పెరుగుదల మళ్లీ లెక్కిస్తాను. రెండోదానికి డిస్కు ఆర్డర్ పెడతాను. మూడోది వచ్చిందంటే కొత్త కంప్యూటర్లను ఈ సర్వర్‌కి కలపను, రెండో సర్వర్‌కి కొటేషన్ తెప్పిస్తాను.