బస్తీ పిల్లాడు దొంగతనంలో దొరికితే ఎవరేం చేయాలి? ముందే వేసుకోవాల్సిన ప్లాన్

సెల్‌ఫోన్ కొట్టేసిన కుర్రాణ్ని కరెంటు స్తంభానికి కట్టేసి, నాలుగు తగిలించి, ఆ వీడియోని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం చాలాచోట్ల జరుగుతోంది. ఆ వేడిలో ఎవరు చెప్పినా వినరు, కాబట్టి ఎవరేం చేయాలో ఏ గొడవా లేని రోజున కూర్చుని తేల్చుకోండి.

ఆ మీటింగ్‌కి కాలనీ సంఘం పెద్దలే వస్తే మాట సీసీ కెమెరాల చందా దగ్గరే ఆగిపోతుంది. సర్కారు బడి హెడ్మాస్టర్, అంగన్‌వాడీ టీచర్, డ్వాక్రా సంఘం లీడర్, మెకానిక్ షెడ్ ఓనర్, ఆటో స్టాండ్‌లో ఒకరిద్దరు, పదహారు పదిహేడేళ్ల పిల్లలు ఇద్దరు ముగ్గురు కచ్చితంగా ఉండాలి. సాయంత్రాలు ఎవరు ఎక్కడ తిరుగుతున్నారో పెద్దలకంటే వీళ్లకే బాగా తెలుసు.

చెడ్డ పిల్లల లిస్టు మాత్రం రాయకండి. ఒకసారి పేరు పడితే వీధిలో ఏం పోయినా వాడి ఇంటికే వెళ్తారు. బడి మానేసినవాళ్లు, టెన్త్ ఫెయిలై ఖాళీగా ఉన్నవాళ్లు ఎవరో రాసుకుని, సప్లిమెంటరీ ఫీజు కట్టించడానికో, మళ్లీ బడిలో చేర్పించడానికో ఒక్కో పిల్లాడి బాధ్యత ఒక్కో మనిషికి పేరుపెట్టి అప్పగించండి, అందరం చూసుకుందాం అనుకుంటే ఎవరూ చూడరు.

పిల్లలకి మందు, గంజాయి ఎవరు అమ్ముతున్నారో కూడా తేల్చాలి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లలకి మద్యం, మత్తుమందు, పొగాకు ఇచ్చినా, వాళ్లచేత మత్తు సరుకు మోయించినా ఏడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా. బెల్టు షాపువాడు మనవాడే కదా అని ఊరుకుంటే ఇక ఈ ప్లాన్ ఎందుకు?

ఇక పిల్లాడు దొరికిన రోజు సంగతి. ప్రతి స్టేషన్లోనూ పిల్లల కేసులు చూడటానికి బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరు ఉండాలి, ఆ అధికారి పేరు, నంబర్ ముందే అడిగి తీసుకోండి. పక్కనే పిల్లల హెల్ప్‌లైన్ నంబర్ 1098 రాసుకోండి. పిల్లాణ్ని ఎవరూ కొట్టకుండా ఇద్దరు నిలబడాలి, ఒకరు తల్లిదండ్రులకి ఫోన్ చేయాలి, ఇంకొకరు స్టేషన్ దాకా వెళ్లాలి. పద్దెనిమిది నిండనివాళ్లని లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, 24 గంటల్లో పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. సెల్‌ఫోన్ దొంగతనం లాంటి చిన్న కేసుల్లో, పెద్దవాళ్లతో కలిసి చేసింది కాకపోతే, ఎఫ్‌ఐఆర్ కట్టరు. డైరీలో రాసుకుని, పిల్లాడి ఇంటి పరిస్థితి మీద రిపోర్ట్ తయారు చేస్తారు. నాన్న తాగుతాడని, అమ్మ తెల్లారుజామునే పనికి పోతుందని ఉన్నదున్నట్టు చెప్పగలిగేది బస్తీవాళ్లే కాబట్టి అక్కడ మొహమాటపడొద్దు.

వీడియో విషయం గ్రూపులో పిన్ చేసి పెట్టండి: పిల్లాడి పేరు, ఫొటో, బడి వివరాలు బయటపెడితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ.

ఫోన్ పోగొట్టుకున్న మనిషిని అందరూ మర్చిపోతారు. కిస్తీలు కడుతున్న ఫోన్ పోతే కడుపు మండదా! ఆయనతో మాట్లాడటానికి కూడా ఒకరిని పెట్టండి. అయితే అమ్మాయి మీద లైంగిక దాడి లాంటివి జరిగితే పంచాయితీ చేసి సర్దేయాలని చూడొద్దు. పద్దెనిమిది నిండని పిల్లల మీద లైంగిక నేరాల కోసం ఉన్న పోక్సో చట్టం ప్రకారం తెలిసీ పోలీసులకి చెప్పకపోవడమే నేరం.

బోర్డు కౌన్సెలింగ్‌కి పంపొచ్చు, సమాజ సేవ చేయమనొచ్చు, ఒక మంచి మనిషి కనిపెట్టుకుని ఉండేలా ఇంటికి పంపొచ్చు. ఆ మనిషి మీ బస్తీలో ఎవరో ముందే అనుకోండి. వచ్చాక బడి వద్దంటే పద్నాలుగు నిండినవాళ్లకి ఓపెన్ స్కూల్లో టెన్త్ ఉంది, ఎనిమిది పాసైతే ఐటీఐలో కొన్ని ట్రేడ్‌లున్నాయి. అడ్మిషన్ తేదీలు కనుక్కుని, దరఖాస్తుకి వాడితో పాటు ఎవరో ఒకరు వెళ్లండి.